విహార వాహనంలో ఇన్వర్టరు అమరిక, ఎర్తింగు

విహార వాహనంలో ఇన్వర్టరు అమరిక అనగా, పడక, వంటగది, స్నానపు గది వంటి వసతులు గల వాహనంలో బ్యాటరీ నుండి లభించు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును, గృహోపకరణాలకు కావలసిన 120 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా మార్చు ఇన్వర్టరును బిగించి, దానికి తగిన తీగలను, ఫ్యూజును, ఎర్తును కలుపు విధానము. ఇటువంటి వాహనాలను అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను రిక్రియేషనల్ వెహికల్ అని, క్లుప్తంగా ఆర్.వి. అని అందురు. ఈ వ్యాసంలోని వోల్టేజి విలువలు, నియమాలు ప్రధానంగా అమెరికాకు సంబంధించినవి.

కరెంటు కోతలు ఎరిగిన తెలుగువారికి ఇన్వర్టరు కొత్త వస్తువు కాదు. అయితే ఇంటికి, వాహనానికి ఒక ముఖ్యమైన భేదం కలదు. ఇల్లు నేలమీద నిలిచి ఉండును. దానికి వచ్చు న్యూట్రల్ తీగ వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు వద్దనే భూమికి కలుపబడి ఉండును. వాహనం రబ్బరు చక్రాలపై నిలిచి, ఈ రోజు ఒకచోట, రేపు మరొకచోట, వేర్వేరు మూలాల నుండి విద్యుత్తును గ్రహించును. అందువలన న్యూట్రల్‌ను, ఎర్తును ఎక్కడ కలుపవలెను, ఎక్కడ కలుపరాదు అను ప్రశ్న ఇక్కడ ప్రాణరక్షణకు సంబంధించిన ప్రశ్న అగుచున్నది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఇటువంటి వాహనాలను అద్దెకు గాని, సొంతానికి గాని తీసికొని యాత్రలు చేయుచున్నందున ఈ విషయం తెలిసియుండుట మంచిది.

వాహనంలోని రెండు విద్యుత్ వ్యవస్థలు

విహార వాహనంలో రెండు వేర్వేరు విద్యుత్ వ్యవస్థలు ఉండును.

మొదటిది 12 వోల్టుల ఏకముఖ విద్యుత్ వ్యవస్థ. దీపాలు, నీటి పంపు, ఫ్యాన్లు మొదలైనవి దీనితో పనిచేయును. ఇంజను నడిపించు బ్యాటరీకి తోడుగా నివాస భాగానికి వేరొక బ్యాటరీ ఉండును. ఇన్వర్టరును కలుపునది ఈ రెండవ బ్యాటరీకే.

రెండవది 120 వోల్టుల, 60 హెర్ట్‌జ్‌ల ఏకాంతర విద్యుత్ వ్యవస్థ. మైక్రోవేవ్ ఓవెన్, ఏ.సి., టీవీ, మిక్సీ వంటివి దీనితో నడచును. ఈ విద్యుత్తు మూడు విధాలుగా లభించును.

- వాహనాలు నిలుపు పార్కులోని విద్యుత్ పెట్టె నుండి. దీనిని షోర్ పవర్ అందురు. రేవులో నిలిచిన ఓడకు ఒడ్డు నుండి విద్యుత్తు ఇచ్చుట వలన ఏర్పడిన మాట ఇది. ఈ పెట్టెలలో 30 ఆంపియర్ల, 50 ఆంపియర్ల సాకెట్లు సాధారణం.
- జనరేటరు నుండి.
- బ్యాటరీకి కలిపిన ఇన్వర్టరు నుండి.

ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చు సాధనానికి ఇన్వర్టరు అను పేరు 1920వ దశకం నుండి వ్యవహారంలో కలదు. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ రివ్యూ పత్రికలో డేవిడ్ ప్రిన్స్ ఈ పేరుతోనే ఒక వ్యాసం ప్రచురించెను. ఆనాటి సాధనాలలో గాజు గొట్టాలు వాడిరి. నేటి ఇన్వర్టర్లలో ట్రాన్సిస్టర్లు ఆ పని చేయుచున్నవి.

బ్యాటరీ వైపు తీగలు

ఇన్వర్టరు అమరికలో సాధారణంగా జరుగు మొదటి పొరపాటు సన్నని తీగను వాడుట. సామర్థ్యమును వోల్టేజితో భాగించిన ప్రవాహం వచ్చునని పాఠశాల విద్యార్థులకు కూడా తెలియును. 2000 వాట్ల ఇన్వర్టరును ఉదాహరణగా తీసికొందము. 120 వోల్టుల వైపు ప్రవాహం 2000 ÷ 120 = 16.7 ఆంపియర్లు మాత్రమే. 12 వోల్టుల వైపు అది 2000 ÷ 12 = 167 ఆంపియర్లు. ఇన్వర్టరులో కొంత శక్తి వేడిగా నష్టపోవును గనుక బ్యాటరీ నుండి నిజముగా సుమారు 190 ఆంపియర్లు ప్రవహించును.

బ్యాటరీ నుండి ఇన్వర్టరుకు 2 మీటర్ల దూరం ఉన్నదనుకొందము. పోవు తీగ, వచ్చు తీగ కలిపి 4 మీటర్లు అగును. ఇప్పుడు రెండు రకాల రాగి తీగలను పోల్చవచ్చును.

- 13 చదరపు మిల్లీమీటర్ల తీగ (అమెరికా కొలతలో 6వ నంబరు): మొత్తం నిరోధం సుమారు 5.2 మిల్లీ ఓములు. 190 ఆంపియర్ల వద్ద సుమారు 1 వోల్టు తీగలోనే పోవును. తీగలో పుట్టు వేడి సుమారు 187 వాట్లు.
- 67 చదరపు మిల్లీమీటర్ల తీగ (అమెరికా కొలతలో 2/0): మొత్తం నిరోధం సుమారు 1 మిల్లీ ఓము. వోల్టేజి నష్టం సుమారు 0.2 వోల్టు. పుట్టు వేడి సుమారు 37 వాట్లు.

మొదటి తీగలో పుట్టు వేడి చాలా ఎక్కువ. ఆ తీగ చెక్క పలకల నడుమ, పరుపు కింద పోవుచున్నదని గుర్తుంచుకొనవలెను. అంతేగాక, బ్యాటరీ వోల్టేజి సుమారు 10.5కు తగ్గినప్పుడు అనేక ఇన్వర్టర్లు తమంతట తామే ఆగిపోవును. తీగలో 1 వోల్టు పోయినచో బ్యాటరీలో శక్తి మిగిలి ఉండగానే ఇన్వర్టరు ఆగిపోవును. కావున 2000 వాట్ల ఇన్వర్టరుకు 2/0 తీగను, 3000 వాట్ల దానికి 107 చదరపు మిల్లీమీటర్ల 4/0 తీగను వాడుట పరిపాటి. తుది నిర్ణయం ఇన్వర్టరుతో వచ్చు తయారీదారుని పుస్తకం ప్రకారం చేయవలెను.

తీగ మందంగా ఉన్నంత మాత్రాన చాలదు. కీళ్లు కూడా గట్టిగా ఉండవలెను. ఒక కీలు వద్ద 1 మిల్లీ ఓము నిరోధం ఉన్నను, 190 ఆంపియర్ల వద్ద అక్కడ 36 వాట్ల వేడి పుట్టును. తీగ చివర బిగించు రాగి లగ్గును తగిన పనిముట్టుతో నొక్కి బిగించవలెను. లగ్గు, బ్యాటరీ పలక ఒకదానికొకటి నేరుగా తాకవలెను. వాషరు వాటి పైన ఉండవలెనే గాని నడుమ ఉండరాదు. ప్రయాణపు కుదుపులకు మరలు వదులగును గనుక అప్పుడప్పుడు సరిచూచుట అవసరం.

12 వోల్టుల సిగరెట్ లైటరు సాకెట్టుకు కలుపు చిన్న ఇన్వర్టర్లకు ఈ మందపు తీగలు అక్కరలేదు. అయితే ఆ సాకెట్టు ఫ్యూజు 15 ఆంపియర్లదైనచో 180 వాట్లకు మించి లాగరాదు. ల్యాప్‌టాప్‌కు అది చాలును, మైక్రోవేవ్‌కు చాలదు.

ఫ్యూజు

12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు గనుక బ్యాటరీ ప్రమాదకరం కాదని కొందరు భావింతురు. ఇది పొరపాటు. బ్యాటరీ వలన ప్రమాదం షాకు కాదు, అగ్ని. 100 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ అంతర్నిరోధం 5 మిల్లీ ఓములనుకొనిన, రెండు కొనలు నేరుగా కలిసినచో 12.6 ÷ 0.005 = 2,520 ఆంపియర్లు ప్రవహించును. లిథియం బ్యాటరీల అంతర్నిరోధం ఇంకను తక్కువ గనుక ప్రవాహం ఇంకను ఎక్కువ కాగలదు. తీగ వాహనపు ఇనుప చట్రానికి రాసుకొని పైతొడుగు అరిగినచో జరుగునది ఇదే.

అందువలన పాజిటివ్ తీగలో ఫ్యూజు తప్పనిసరి. దానిని ఇన్వర్టరు వద్ద గాక బ్యాటరీ వద్ద, సాధారణంగా 18 అంగుళాల లోపు, పెట్టవలెను. ఫ్యూజు రక్షించునది దాని తరువాత ఉన్న తీగనే. దానికి ముందున్న తీగకు రక్షణ లేదు. 2000 వాట్ల ఇన్వర్టరుకు, 2/0 తీగకు 250 ఆంపియర్ల ఫ్యూజు సాధారణం. ఫ్యూజుకు మరొక గుణం కూడా చూడవలెను. అది ఎంత పెద్ద ప్రవాహమును నిజముగా తెంచగలదు అనునది ఆ గుణం. సామర్థ్యం చాలని ఫ్యూజులో లోహం కరిగినను మెరుపు ఆగక ప్రవాహం కొనసాగవచ్చును. లిథియం బ్యాటరీలకు క్లాస్-టి ఫ్యూజులను సూచించుటకు కారణమిదే; అవి 20,000 ఆంపియర్ల ప్రవాహమును కూడా తెంచగలవు.

ఎర్తు అను మాటకు గల అర్థాలు

ఈ విషయంలో గందరగోళమునకు మూలం, ఎర్తు లేక గ్రౌండు అను ఒక్క మాటను మూడు వస్తువులకు వాడుట. వాటిని విడివిడిగా గ్రహించవలెను.

- నేల: మన కాళ్ల కింద ఉన్న మట్టి.
- చట్రము: వాహనపు ఇనుప ఛాసిస్. బ్యాటరీ నెగటివ్ కొన సాధారణంగా దీనికి కలుపబడి ఉండును.
- రక్షణ తీగ: 120 వోల్టుల వ్యవస్థలోని పచ్చ తీగ లేక తొడుగు లేని రాగి తీగ. ఇది ఉపకరణాల లోహపు తొడుగులను, సాకెట్ల మూడవ రంధ్రమును, చట్రమును ఒకదానితో ఒకటి కలుపును.

ఈ రక్షణ తీగ పని విద్యుత్తును మట్టిలోనికి పంపుట కాదు. ఫేజు తీగ ఒక ఉపకరణపు లోహపు తొడుగును తాకినప్పుడు, ఆ ప్రవాహము విద్యుత్తు పుట్టిన చోటికి సులభంగా తిరిగి పోవుటకు దారి చూపుట దాని పని. అట్లు తిరిగిపోవునప్పుడు ప్రవాహం అమితంగా పెరిగి బ్రేకరు పడిపోవును, మనిషి బ్రదుకును. ఆ దారి పూర్తి కావలెనన్నచో రక్షణ తీగ ఎక్కడో ఒకచోట న్యూట్రల్‌తో కలిసి ఉండవలెను. దీనిని న్యూట్రల్-గ్రౌండు బంధము అందురు.

న్యూట్రల్-గ్రౌండు బంధము: ఒకే చోట, మూలం వద్ద

మొత్తం అమరికకు ప్రధాన సూత్రం ఇది. ఏ సమయంలోనైనను న్యూట్రల్, రక్షణ తీగ ఒకే ఒక చోట కలిసి ఉండవలెను. ఆ చోటు అప్పుడు వాడుకలో ఉన్న విద్యుత్ మూలం వద్ద ఉండవలెను.

- పార్కు విద్యుత్తు వాడునప్పుడు బంధం పార్కువారి సర్వీసు పరికరం వద్ద ఉండును. వాహనంలోని పంపిణీ పెట్టెలో న్యూట్రల్ పలక, గ్రౌండు పలక వేరుగా ఉండవలెను. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలో విహార వాహనాలకు సంబంధించిన 551వ అధికరణం దీనిని కోరుచున్నది.
- ఇన్వర్టరు వాడునప్పుడు బంధం ఇన్వర్టరులో ఉండవలెను. వాహనాల కొరకు చేసిన ఇన్వర్టర్-చార్జర్లలో ఇందుకు ఒక రిలే ఉండును. పార్కు విద్యుత్తు వచ్చినప్పుడు అది బంధమును విడదీయును. పోయినప్పుడు తిరిగి కలుపును.
- వాహనంలో బిగించిన జనరేటరు వాడునప్పుడు బంధం జనరేటరు వైపు ఉండవలెను. చేతితో మోయగల చిన్న జనరేటర్లు అనేకమునకు లోపల ఈ బంధం ఉండదు. వాటి పుస్తకంలో చూచి తెలిసికొనవలెను.

బంధం ఎక్కడా లేకున్నచో ఏమగును? మైక్రోవేవ్ లోపల ఫేజు తీగ తొడుగును తాకినదనుకొందము. తిరిగిపోవు దారి లేదు గనుక ప్రవాహం లేదు, బ్రేకరు పడదు. అన్నియు సవ్యంగానే నడచును. కాని అప్పటి నుండి న్యూట్రల్ తీగకు, వాహనపు లోహ భాగాలకు మధ్య 120 వోల్టులు ఉండును. న్యూట్రల్ నిరపాయమని నమ్మి ఒక చేత దానిని, మరొక చేత చట్రమును తాకిన మనిషికి షాకు తగులును. తడిసిన శరీరపు నిరోధం సుమారు 1,000 ఓములనుకొనిన, 120 మిల్లీ ఆంపియర్లు ప్రవహించును. గుండె లయను తప్పించుటకు అది చాలును.

బంధం రెండు చోట్ల ఉన్నచో ఏమగును? పార్కులో ఒకటి, వాహనంలో మరొకటి ఉన్నచో తిరిగిపోవు ప్రవాహం న్యూట్రల్‌లోను, రక్షణ తీగలోను పంచుకొని పోవును. రెండు తీగలు ఒకే మందమైనచో సుమారు సగం సగం. 16 ఆంపియర్ల వాడుకలో 8 ఆంపియర్లు, ఎన్నడు ప్రవాహం ఉండరాని తీగలో పోవుచుండును. తీగల చివరలు తుప్పుపట్టి న్యూట్రల్, రక్షణ తీగ రెండును పార్కు వైపు తెగినచో, దీపాల గుండా, ఉపకరణాల గుండా వచ్చిన విద్యుత్తు తిరిగిపోలేక వాహనపు శరీరమంతటికి చేరును. వానలో తడిసిన నేలపై నిలిచి తలుపు పిడి పట్టుకొన్న పిల్లవాని గుండా అది నేలకు పోవును. వాహనం లోపల ఉన్నవారికి ఏమియు తెలియదు. ఈ స్థితిని అమెరికాలో హాట్ స్కిన్ అందురు. పార్కు వైపు రక్షణ తీగ తెగి, వాహనంలో ఏదైన ఉపకరణంలో దోషం ఉన్నను ఇదే స్థితి ఏర్పడును.

చిన్న ఇన్వర్టర్ల విషయంలో జాగ్రత్త

చౌకగా లభించు అనేక చిన్న ఇన్వర్టర్లలో నిజమైన న్యూట్రల్ ఉండదు. వాటి రెండు తీగలును తొడుగుతో పోల్చినప్పుడు చెరి 60 వోల్టుల వద్ద ఉండును. వీటిలో ఒక తీగను రక్షణ తీగకు కలిపినచో ఇన్వర్టరు కాలిపోవచ్చును. కావున తయారీదారుడు అనుమతించినచో తప్ప బయట నుండి బంధం ఏర్పరచరాదు. ఇటువంటి ఇన్వర్టరును వాహనపు పంపిణీ పెట్టెకు కలుపరాదు. ఒకటి రెండు ఉపకరణాలను నేరుగా దాని సాకెట్టుకు తగిలించుటకు మాత్రమే వాడవలెను.

ఇన్వర్టరు తొడుగును చట్రానికి కలుపుట

ఇన్వర్టరు లోహపు తొడుగుపై చట్రానికి కలుపుటకు ఒక మర ఉండును. దీనికి సన్నని తీగ చాలునని కొందరు తలంతురు. కాని ఇన్వర్టరు లోపల బ్యాటరీ పాజిటివ్ తీగ తొడుగును తాకినచో 250 ఆంపియర్ల ఫ్యూజు తెగునంత ప్రవాహం ఈ తీగ గుండానే పోవలెను. తీగ సన్నమైనచో ఫ్యూజు కంటె ముందు తీగయే కాలును. అందువలన అనేక తయారీదారులు దీనిని కూడా బ్యాటరీ తీగకు దగ్గరి మందంలో వాడుమని సూచింతురు. రంగు గీరి, శుభ్రమైన ఇనుముపై దీనిని బిగించవలెను. ఇన్వర్టరు నెగటివ్ ప్రవాహమునకు చట్రమును దారిగా వాడక, బ్యాటరీ వరకు వేరే తీగ వేయుట మేలు.

నేలలో కడ్డీ పాతుట

వాహనం నిలిపిన చోట నేలలో ఒక రాగి కడ్డీ పాతి చట్రానికి కలిపినచో రక్షణ కలుగునని ఒక అపోహ కలదు. కడ్డీకి, మట్టికి మధ్య నిరోధం 25 ఓములనుకొందము. ఇది మంచి విలువయే. దోషం ఏర్పడినప్పుడు 120 ÷ 25 = 4.8 ఆంపియర్లు మాత్రమే ప్రవహించును. 15 ఆంపియర్ల బ్రేకరు పడదు, చట్రంపై వోల్టేజి అట్లే నిలిచి ఉండును. బ్రేకరును పడగొట్టునది లోహపు తీగయే గాని మట్టి కాదు. ఇంటికి కడ్డీ పాతుట ముఖ్యంగా పిడుగుల కొరకు, లైనులో వచ్చు అధిక వోల్టేజి కొరకు. ఇన్వర్టరుతో నడచు వాహనానికి రక్షణ చట్రము, ఒక్కచోటి బంధము కలిసి ఇచ్చును.

మార్పిడి స్విచ్చు, ఇతర రక్షణలు

ఇన్వర్టరు విద్యుత్తు, పార్కు విద్యుత్తు ఒకదానితో ఒకటి ఎన్నడు కలియరాదు. కలిసినచో ఇన్వర్టరు కాలిపోవును. లేదా పార్కు వైపు తీగలలోనికి విద్యుత్తు పోయి, అక్కడ పనిచేయువారికి ప్రాణాపాయం కలుగును. ఇందుకు మార్పిడి స్విచ్చు వాడవలెను. అది ఫేజును, న్యూట్రల్‌ను రెండింటిని మార్చవలెను. రెండు వైపులా ముల్లు గల తీగతో ఇన్వర్టరును గోడ సాకెట్టుకు కలుపుట ఎట్టి పరిస్థితిలోను చేయరాదు.

వాహనంలోని బ్యాటరీ చార్జరు ఇన్వర్టరు విద్యుత్తుతో నడువకుండ చూడవలెను. లేనిచో బ్యాటరీ ఇన్వర్టరును నడుపును, ఇన్వర్టరు చార్జరును నడుపును, చార్జరు అదే బ్యాటరీని నింపును. ప్రతి అడుగులోను కొంత శక్తి వేడిగా పోవుటయే దీని ఫలితం.

స్నానపు గది, వంటగది, బయటి సాకెట్లకు జి.ఎఫ్.సి.ఐ. అను రక్షణ సాధనం ఉండవలెను. పోవు ప్రవాహం, వచ్చు ప్రవాహం మధ్య సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే అది విద్యుత్తును ఆపును. బంధం సరిగా ఉన్నప్పుడే దాని రక్షణ పూర్తిగా లభించును.

ఇన్వర్టరును పొడిగా, గాలి ఆడు చోట, బ్యాటరీకి దగ్గరగా బిగించవలెను. కాని నీరు పోయు సీసపు బ్యాటరీలు ఉన్న అరలోను, వంట గ్యాసు సిలిండరు ఉన్న అరలోను బిగించరాదు. చార్జి అగునప్పుడు ఆ బ్యాటరీల నుండి హైడ్రోజన్ వాయువు వెలువడును; ఇన్వర్టరులోని చిన్న మెరుపు దానిని అంటించగలదు.

పరీక్షలు

పని ముగిసిన తరువాత మల్టీమీటరుతో ఈ కింది పరీక్షలు చేయవచ్చును.

1. పార్కు తీగ తీసివేసి, ఇన్వర్టరు నడుపుచు సాకెట్టులో కొలువవలెను. ఫేజు-న్యూట్రల్ మధ్య సుమారు 120 వోల్టులు, ఫేజు-గ్రౌండు మధ్య సుమారు 120, న్యూట్రల్-గ్రౌండు మధ్య దాదాపు సున్న ఉండవలెను. చివరి రెండును 60కి దగ్గరగా ఉన్నచో బంధం లేదని అర్థం.
2. పార్కు తీగ తగిలించక, ఇన్వర్టరు, జనరేటరు తీగలు విడదీసి, పంపిణీ పెట్టెలో న్యూట్రల్, గ్రౌండు పలకల మధ్య కలయిక ఉన్నదేమో చూడవలెను. ఉండరాదు.
3. పూర్తి వాడుకలో బ్యాటరీ కొనల వద్ద, ఇన్వర్టరు కొనల వద్ద వోల్టేజి కొలువవలెను. తేడా 0.36 వోల్టు, అనగా 3 శాతం, మించరాదు.
4. పార్కు తీగ తగిలించిన ప్రతిసారి, తలుపు తాకుటకు ముందు, తాకకుండ వోల్టేజిని గుర్తించు కలము వంటి సాధనమును వాహనపు లోహ భాగం వద్ద ఉంచి చూడవలెను. దీపం వెలిగినచో వాహనమును తాకక పార్కు పెట్టెలోని బ్రేకరును దించవలెను.

ఇతర దేశాలలో

ఐరోపా దేశాలలో ఇటువంటి వాహనాల విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లు. అక్కడ జి.ఎఫ్.సి.ఐ.కి బదులు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.డి. వాడుదురు. భారతదేశంలో కూడా గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లే గనుక అమెరికా ఇన్వర్టరు ఇక్కడి ఉపకరణాలకు పనికిరాదు. సంఖ్యలు, రంగులు, ప్లగ్గుల ఆకారాలు దేశమునుబట్టి మారినను సూత్రాలు మారవు. బ్యాటరీ వైపు మందపు తీగ, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, లోహ భాగాలన్నిటిని కలుపు రక్షణ తీగ, మూలం వద్ద ఒకే ఒక్క బంధం అనునవి ఎక్కడైనను అవసరమే. 120 లేక 230 వోల్టుల వైపు పనిని అర్హత గల ఎలక్ట్రీషియన్ చేత చేయించుట ఉత్తమం.